వరి, వడ్లు, బియ్యం, అన్నం

మన తెలుగు బడిలో పిల్లల్ని "రైస్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగి చూడండి. కొందరు "అన్నం" అంటారు, కొందరు "బియ్యం" అంటారు. రెండూ సరైన జవాబులే. "వరి" అనే మాట మాత్రం చాలా అరుదుగా వినపడుతుంది, "వడ్లు" అయితే అసలు వినపడదు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు. సిడ్నీలో పుట్టి పెరిగిన పిల్లకి బియ్యం అంటే ఇండియన్ షాపులో దొరికే సంచి, అన్నం అంటే కుక్కర్లోంచి వచ్చేది. ఆ సంచికి ముందు ఏం జరిగిందో వాళ్ళు చూడలేదు. చూడనిదానికి మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. సెలవులకి పిల్లల్ని ఎక్కడెక్కడికో తిప్పుతున్నాం కదా, ఒక్కసారైనా వరి పొలానికి తీసుకెళ్ళండి. ఫోటో తీసుకుని వచ్చేయకుండా అక్కడి పని చూపించండి. ఆ పనిని తెలుగులో చెప్పండి. పుస్తకంలోంచి నేర్పలేని తెలుగు కొంత ఉంది. అది పొలం గట్టు మీద చాలా సులువుగా వస్తుంది.

దీనికి ఉదాహరణగా బాలి గురించి చెప్తాను. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి బాలి కొత్తేమీ కాదు. జూలై సెలవులు రాగానే ఆఫీసులో సగం మంది అక్కడికే వెళ్తారు. బీచిలు, హోటల్లో స్విమ్మింగ్ పూలు, కోతుల వనం, షాపింగు... ఇవన్నీ అయ్యాక ఒక పూట "రైస్ టెర్రస్" అని ఒక ఐటమ్ ఉంటుంది. ఉబుద్ ఊరికి దగ్గరలో తెగల్లాలంగ్ అనే చోట మెట్లు మెట్లుగా పొలాలు, వాటి మీద ఊగడానికి పెద్ద ఉయ్యాలలు, ఫోటోల కోసం కట్టిన గూళ్ళు ఉంటాయి. అరగంటలో పని అయిపోతుంది. మేమూ పోయినేడు అక్కడ ఉయ్యాల ఊగాం, బాగానే ఉంది. కానీ మా పిల్లలకి ఏమైనా తెలిసిందీ అంటే అది మర్నాడు వెళ్ళిన జాతిలువీలో.

జాతిలువీ అనేది తబనాన్ జిల్లాలో బాతుకారు కొండ కింద ఉన్న ఊరు. సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పొలాల మధ్యగా నడవడానికి దారులున్నాయి. కొండ వాలంతా చిన్న చిన్న మడులు, ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు. కొన్ని మడులు మన చిన్న బెడ్‌రూమంత కూడా ఉండవు. కొన్నిట్లో పైరు పచ్చగా ఉంది, కొన్నిట్లో కోతలు జరుగుతున్నాయి, కొన్నిట్లో నీళ్ళు పెట్టి వదిలేశారు. మా ఎనిమిదేళ్ళవాడు చూడగానే "నాన్నా, ఇది మైన్‌క్రాఫ్ట్ లాగా ఉంది!" అన్నాడు. తప్పేం లేదు, నిజంగానే అలాగే ఉంది. పన్నెండేళ్ళ మా అమ్మాయి మాత్రం కాసేపు పైకీ కిందకీ చూసి, "నీళ్ళు పైనించే కదా వస్తున్నాయి, మరి పైవాళ్ళు మొత్తం వాడేసుకుంటే కిందవాళ్ళ సంగతేంటి?" అని అడిగింది.

ఆ కొండ మీద వందల ఏళ్ళుగా జరుగుతున్న వ్యవహారమంతా ఆ ఒక్క ప్రశ్నకి సమాధానమే. మన ఊళ్ళల్లో చెరువు కింద పొలం ఉన్న ఏ రైతుని అడిగినా మొదటి మాట ఇదే చెప్తాడు.

బాలిలో దీనికి సుబక్ అనే ఏర్పాటుంది. ఒకే కాలవ నీళ్ళు వాడుకునే రైతులంతా ఒక సంఘం. దానికొక పెద్ద, రాసుకున్న కట్టుబాట్లు, కూడి మాట్లాడుకోవడానికి ఒక గుడి. ఇది 9వ శతాబ్దం నాటి నుంచీ ఉందని యునెస్కో చెప్తుంది. 2012లో ఈ సుబక్ పద్ధతినీ, దాని తాలూకు పొలాలనూ, నీటి గుళ్ళనూ కలిపి మొత్తం 19,500 హెక్టార్లని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. జాతిలువీ అందులో భాగమే. ఏదో ఒక్క కట్టడాన్ని కాకుండా మనుషులు నీళ్ళు పంచుకునే పద్ధతిని కూడా కలిపి గుర్తించారన్న సంగతి పిల్లలకి చెప్పండి. తాజ్‌మహల్ లాంటి జాబితాలో పొలం గట్లు కూడా ఉన్నాయంటే వాళ్ళకి ఆశ్చర్యంగా ఉంటుంది.

నీళ్ళు పంచే విధానం చాలా సరళం. కాలవకి అడ్డంగా ఒక చెక్క దిమ్మ. దాని మీద గాట్లు. ఎక్కువ పొలానికి వెడల్పు గాటు, తక్కువ పొలానికి సన్న గాటు. వాన బాగా పడి కాలవ నిండా నీళ్ళొచ్చినా, సన్నగా పారినా వాటాలు మారవు. మీటర్లు లేవు, వాల్వులు లేవు. చూసి వెళ్ళే ఎవరికైనా ఎవరి వాటా ఎంతో కనపడుతుంది. అందరికీ కనపడుతుంది కాబట్టే తగువు తక్కువ.

మనకీ ఇలాంటివి ఉన్నాయి. తెలంగాణలో గొలుసుకట్టు చెరువులంటే ఇదే లెక్క. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువులోకి నీళ్ళు పోతాయి. కాకతీయుల కాలంలో తవ్విన పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ ఉన్నాయి. తూము తెరిచి ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసే మనిషిని ప్రాంతాన్ని బట్టి నీరటి అనో నీరుగంటి అనో అంటారు. బాలిలో సుబక్ పెద్దని చూపించి "ఈయన చేసేదాంట్లో మన నీరటి పని కూడా ఉంది" అంటే పిల్లలకి రెండు దేశాల సంగతి ఒక్క మాటలో అర్థమవుతుంది.

ఇక మా అమ్మాయి ప్రశ్నకి అసలు జవాబు నీళ్ళతో ఆగదు, పురుగుల దాకా పోతుంది. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది చాలా ఆసక్తికరమైన భాగం.

వరికి నీటి అవసరం నాట్లప్పుడు ఎక్కువ. కొండ మీద అందరూ ఒకే రోజు నాట్లు మొదలుపెడితే నీళ్ళు చాలవు. కాబట్టి వంతులవారీగా వేసుకోవాలి. కానీ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు వేసుకుంటే ఇంకో ప్రమాదం ఉంది. కొండ మీద ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పచ్చని పైరు ఉంటుంది. దోమ, పురుగు, ఎలుక ఒక మడిలోంచి ఇంకో మడిలోకి పోతూ ఏడాదంతా బతికేస్తాయి. అదే ఒక పెద్ద ప్రాంతమంతా ఒకేసారి కోసి కొన్ని వారాలు ఖాళీగా ఉంచితే వాటికి తిండి దొరక్క చచ్చిపోతాయి. కోసిన మడుల్లోకి బాతుల్ని తోలితే మిగిలిన పురుగుల్ని అవి ఏరుకు తింటాయి. మన డెల్టాల్లో కూడా కోతలయ్యాక బాతుల మందలు దిగుతాయి, చూసిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అంటే నీళ్ళ కోసం విడివిడిగా వేయాలి, పురుగుల కోసం కలిసి వేయాలి. ఈ రెండిటికీ మధ్య ఎక్కడ ఆగాలన్నదే లెక్క. పై రైతు చేతిలో నీళ్ళున్నాయి నిజమే. కానీ కింది రైతు తన మాట వినకుండా వేరే సమయంలో నాటితే ఆ పురుగు తన పొలానికే ఎక్కి వస్తుంది. కాబట్టి కిందివాడికి నీళ్ళు ఇవ్వడంలో పైవాడికి కూడా లాభముంది. ఎవరెప్పుడు నాటాలన్నది నీటి గుళ్ళల్లో కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకుంటారు. చిన్న కాలవకి చిన్న గుడి, అలా పైకి పోతే బాతుర్ అగ్నిపర్వతం అంచున పెద్ద గుడి.

1970లలో ఇండోనేషియాలో హరిత విప్లవం వచ్చింది. ఎక్కువ పండే కొత్త వంగడాలు ఇచ్చి, ఏడాదికి వీలైనన్ని పంటలు వేయమని ప్రభుత్వం ప్రోత్సహించింది. గుడి క్యాలెండర్ పక్కకి పోయింది. మొదట్లో దిగుబడి పెరిగింది, ఆ తర్వాత దోమపోటు, తెగుళ్ళు, నీటి కటకట. పురుగుమందులు కొట్టిన కొద్దీ దోమ పెరిగింది. 1986లో ఆ దేశ ప్రభుత్వమే వరి మీద 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించాల్సి వచ్చింది.

ఆ రోజుల్లో స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఈ గుళ్ళ మీద పరిశోధన చేస్తున్నాడు. ఆయనా, జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్తా కలిసి రెండు నదుల వెంట ఉన్న 172 సుబక్‌లని కంప్యూటర్లో పెట్టి సిమ్యులేషన్ చేశారు. వర్షం, నీటి పారుదల, వరి పెరుగుదల, పురుగుల సంఖ్య అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఎవరికి వాళ్ళు నాటితే పురుగులు, అందరూ ఒకేసారి నాటితే నీటి కొరత, మధ్యస్థంగా గుంపులు గుంపులుగా నాటితే మంచి దిగుబడి. ఆ గుంపులు దాదాపుగా గుళ్ళు ఏర్పరిచిన గుంపుల స్థాయిలోనే ఉన్నాయి! లాన్సింగ్ తన పుస్తకానికి "పూజారులు, ప్రోగ్రామర్లు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన బడిలో తల్లిదండ్రుల్లో ప్రోగ్రామర్లకి కొదవ లేదు కాబట్టి ఈ కథ మనకి బాగా నప్పుతుంది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. మన ఇళ్ళల్లో పిల్లలు రెండు రకాల మాటలు వింటూ ఉంటారు. "మన పూర్వీకులు అన్నీ ఎప్పుడో కనిపెట్టేశారు" అని ఒకటి. "అవన్నీ పాతకాలపు మూఢనమ్మకాలు" అని రెండోది. రెండూ ఆలోచన అక్కర్లేని మాటలే. బాలి కథలో ఆలోచన ఉంది. రైతులు తరతరాలుగా చూసి, సర్దుకుని ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. బయటివాళ్ళు దాన్ని లెక్కచేయలేదు. ఇంకొకరు వచ్చి దాన్ని పరీక్షించి చూశారు. పరీక్షకి నిలబడింది కాబట్టి ఒప్పుకున్నారు. పిల్లలకి మన సంస్కృతి గురించి చెప్పేటప్పుడు కూడా ఇదే పద్ధతి మంచిదని నా ఉద్దేశం. "నమ్ము" అనొద్దు, "నవ్వు" అని కూడా అనొద్దు. "ఎందుకలా చేసేవారో కనుక్కుందాం రా" అనండి.

ఇప్పుడు మాటల దగ్గరకి వద్దాం. జాతిలువీలో మాతో వచ్చిన కారు డ్రైవరుకి ఇంగ్లీషు బాగా వచ్చు. దారి పక్కన ఒక పెద్దాయన కంకులు కట్టలు కడుతుంటే మా అమ్మాయి దాన్ని చూపించి "రైస్?" అంది. డ్రైవరు నవ్వి, తమ ఇండోనేషియా భాషలో రైస్ అనే ఒక్క మాట లేదన్నాడు. పొలంలో ఉన్న పైరు "పాది". కోసి నూర్చిన గింజ "గబా". పొట్టు తీస్తే "బెరాస్". వండితే "నాసి". నాసి గోరెంగ్ మన పిల్లలందరికీ తెలిసిందే కదా, ఆ నాసి ఇదే.

అప్పుడు మా అమ్మాయికి నేను చెప్పిన మాటలే ఈ వ్యాసం పేరు. పాది అంటే వరి. గబా అంటే వడ్లు. బెరాస్ అంటే బియ్యం. నాసి అంటే అన్నం. నాలుక్కి నాలుగూ సరిపోయాయి. ఇంగ్లీషులో అన్నిటికీ కలిపి రైస్ ఒక్కటే. పైరునీ, పొట్టుతో ఉన్న గింజనీ చెప్పడానికి వాళ్ళు వాడే "ప్యాడీ" అనే మాట కూడా ఈ మలయ్ "పాది" నుంచి అరువు తెచ్చుకున్నదే. "తెలుగులో ఎందుకన్ని మాటలు, కష్టం కదా" అని బడిలో అడిగే పిల్ల, ఆ రోజు "ఇంగ్లీషులో ఎందుకు ఒక్కటే ఉంది?" అని అడిగింది. నేను ఏడాదిపాటు క్లాసులో చెప్పినా ఈ ప్రశ్న వచ్చేది కాదు.

ఇంకో సంగతి. మనందరి ఇళ్ళల్లో ఉండే సోనా మసూరి బియ్యానికి కూడా ఆ ప్రాంతంతో చుట్టరికం ఉంది. మసూరి అనేది 1960లలో మలేసియాలో విడుదలైన వంగడం. అక్కణ్ణుంచి మన దేశానికి వచ్చి ఆంధ్ర పొలాల్లో బాగా కుదురుకుంది. దాన్ని సోనా అనే రకంతో కలిపితే సోనా మసూరి వచ్చింది. బాపట్లలో తయారై 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే మనం సాంబ మసూరి అని పిలుచుకునే రకానికి కూడా మసూరి ఒక తల్లి మొక్క. కాబట్టి ఆగ్నేయాసియాలో వరి పొలం గట్టు మీద నిలబడ్డ తెలుగు పిల్ల పరాయి చోట నిలబడినట్టు కాదు. తన కంచంలో అన్నానికి అది అమ్మమ్మగారి ఊరు.

ఈ మాటలు చెప్తుంటే మన మిత్రులు కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. "ఇక్కడ పెరిగే పిల్లలు రేపు డాక్టర్లో లాయర్లో అవుతారు. వాళ్ళకి నారుమడి, వెన్ను, పనలు, కుప్ప నూర్పిడి ఇవన్నీ ఎందుకండీ? అమ్మమ్మతో ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలదా?" న్యాయమైన ప్రశ్నే. వారానికి రెండు గంటల బడిలో అన్నీ నేర్పలేం.

నా జవాబు ఇది. అమ్మమ్మతో మాట్లాడాలంటే మాటలే కాదు, మాట్లాడుకోవడానికి విషయం కూడా కావాలి. "బాగున్నావా? తిన్నావా? చదువుకుంటున్నావా?" అయ్యాక ఫోను పక్కవాళ్ళకి ఇచ్చేస్తున్నారు మన పిల్లలు. మా ఇంట్లో కూడా అంతే జరిగేది. జాతిలువీ నుంచి వచ్చిన వారం మా అమ్మాయి మా అమ్మకి ఫోన్ చేసి, "నానమ్మా, మీ ఊళ్ళో కూడా వడ్లు ఎండబెడతారా?" అని అడిగింది. మా అమ్మ "వడ్లు అంటే అంటారు గానీ మా వైపు ధాన్యం అంటామే" అని మొదలుపెట్టి, కళ్ళం ఎలా అలికేవారో, తూర్పారబట్టేటప్పుడు గాలి కోసం ఎలా కాచుకునేవారో, ఊక దేనికి, తవుడు దేనికి, నూకలు దేనికి అన్నీ చెప్పింది. నలభై నిమిషాలు. అందులో సగం నాకూ కొత్తే. మాది గోదావరి జిల్లా అయినా, నేను ఇంటర్మీడియెట్ నుంచీ హాస్టళ్ళల్లోనే ఉన్నాను. మనలో చాలామంది పరిస్థితి ఇదే కదా. పొలం మన తల్లిదండ్రుల దగ్గర ఆగిపోయింది. వాళ్ళు ఉన్నప్పుడు అడిగితే ఆ మాటలు మనకి దక్కుతాయి. తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

కొండల మీద మెట్ల పొలాలు చూడడానికి బాలి దాకానే వెళ్ళాలని కూడా అనుకోవద్దు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు నుంచి ఒడిశా దాకా ఉన్న కొండల్లో సవరలు రాళ్ళతో గట్లు కట్టి, ఊట నీళ్ళు మళ్ళించి మెట్ల మీద వరి పండిస్తారు. ఈ సవరల పేరు మన బడికి కొత్త కాకూడదు. ప్రతి ఏడూ ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున. 1863లో పుట్టిన ఆయన జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని జీవితాంతం పోరాడారని మన పిల్లలు స్టేజి మీద చెప్తుంటారు. అదే పంతులుగారు సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం వాచకాలు రాసి, బళ్ళు పెట్టి, సవర వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారన్నది కూడా చెప్పించాలి. ఏ భాషకైనా విలువ ఆ భాషలో పని చేసుకు బతికే మనుషుల వల్ల వస్తుందని ఆయనకి తెలుసు. ఉపన్యాసంలో వినిపించే తెలుగుతో పాటు నాట్లు వేసేటప్పుడు వినిపించే తెలుగు కూడా పిల్లలకి అందితేనే ఆయన పుట్టినరోజు చేసుకోవడానికి అర్థముంటుంది.

మెట్ల పొలం గురించి ఇంకొక్క విషయం. అది ఒకసారి కట్టేస్తే ఉండిపోయేది కాదు. ప్రతి పంటకీ గట్లు చెక్కి, మట్టి పెట్టి, పడిన గండ్లు పూడ్చుకోవాలి. ఒక రైతు రెండేళ్ళు వదిలేస్తే తన గట్టు తెగి కిందివాళ్ళ మడులు కూడా కొట్టుకుపోతాయి. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో కొండల మీది వరి మెట్లు 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. చూసుకునేవాళ్ళు తగ్గి గట్లు కూలుతుంటే 2001లో వాటిని ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టారు. మళ్ళీ బాగుచేసుకున్నాక 2012లో ఆ జాబితా నుంచి తీశారు. బాలిలోనూ కుర్రాళ్ళు హోటల్ ఉద్యోగాలకి పోతున్నారు, పొలాలు విల్లాలవుతున్నాయి. వాళ్ళని తప్పు పట్టే హక్కు మనకి లేదు. పొలం వదిలి ఉద్యోగానికి వచ్చినవాళ్ళమే మనం కూడా.

భాష సంగతీ అంతే. మనకి వచ్చు కదా, పిల్లలకి అదే వస్తుందిలే అంటే రాదు. మన తరం ఒక్కటి వదిలేస్తే కింది తరానికి నీళ్ళు అందవు. ఇఫుగావో వాళ్ళు బాగుచేసుకున్నారన్నది మాత్రం మనకి ధైర్యమిచ్చే మాట.

సరే, ఏం చేయొచ్చు? నాకు తోచినవి కొన్ని చెప్తాను.

ఒకటి. బాలికో, వియత్నాంకో వెళ్తే ఉయ్యాల దగ్గర అరగంట చాలు, పొలాల మధ్య రెండు గంటలు నడవండి. టికెట్ కొనండి, అక్కడి రైతుల దగ్గరే ఏదైనా కొనండి. గట్ల మీద పరుగెత్తొద్దని పిల్లలకి ముందే చెప్పండి, అది వాళ్ళ శ్రమ. "ఇక్కడ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చి ఎక్కడికి పోతున్నాయో కనిపెట్టు" అని ఒక పని ఇవ్వండి. విసుగన్న మాట రాదు.

రెండు. అంత దూరం, అంత ఖర్చు వద్దనుకుంటే మన న్యూ సౌత్ వేల్స్‌లోనే లీటన్, గ్రిఫిత్ ప్రాంతంలో వరి పండుతుంది. సిడ్నీ నుంచి ఆరేడు గంటల డ్రైవు. అక్టోబరు ప్రాంతంలో విత్తుతారు, మార్చి నుంచి కోతలు. అక్కడ మెట్లు ఉండవు, లేజరుతో చదును చేసిన పెద్ద పెద్ద మడులుంటాయి. చాలాచోట్ల మొలకెత్తిన విత్తనాన్ని విమానంతో చల్లుతారు. మన రైతులు విత్తనం నానబెట్టి మండె కట్టి నారు పోసే పద్ధతికీ, ఈ విమానానికీ పోలిక చెప్పండి. కరువు ఏళ్ళల్లో నీళ్ళు దొరక్క ఇక్కడి సాగు బాగా పడిపోతుంది. నీళ్ళు ఎవరికి ముందు అన్న తగువు ఈ దేశంలోనూ ఉందని పిల్లలకి తెలుస్తుంది.

మూడు. మన అదృష్టం ఏమిటంటే ఇక్కడి పెద్ద సెలవులు డిసెంబరు, జనవరిలో వస్తాయి. అప్పుడు మన ఊళ్ళల్లో కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు అయి సంక్రాంతి వస్తుంది. డెల్టాల్లో దాళ్వా నాట్లు మొదలవుతాయి. అమెరికాలో ఉన్న మన బంధువుల పిల్లలకి ఈ వీలు లేదు, వాళ్ళ పెద్ద సెలవులు ఎండాకాలంలో. ఇండియా వెళ్ళినప్పుడు పెళ్ళిళ్ళు, మాల్స్ మధ్యలో ఒక్క రోజు పొలానికి పెట్టండి. చెప్పులు విప్పి మడిలో దిగనివ్వండి. బురద కడుక్కుంటే పోతుంది.

నాలుగు. తిరిగి వచ్చేటప్పుడు గుర్తుగా జేబులో నాలుగు వడ్ల గింజలు వేసుకురావొద్దు. ఇక్కడి క్వారంటైన్ నిబంధనలు గట్టివి, కారణం కూడా మంచిదే. పురుగు ఒక కొండ నుంచి ఇంకో కొండకి ఎలా పోతుందో ఇందాక చెప్పుకున్నాం కదా! గింజలకి బదులు మాటలు తెచ్చుకోండి. ఎయిర్‌పోర్టులో వాటికి డిక్లరేషన్ అక్కర్లేదు.

అయిదు. మన బడిలో ఒక టర్ము "గింజ నుంచి అన్నం దాకా" అని పాఠం పెడదామని టీచర్లకి నా సూచన. విత్తనం, నారు, నాట్లు, కలుపు, పొట్ట, వెన్ను, కోత, పన, కుప్ప, నూర్పు, తూర్పార, వడ్లు, దంపుడు, బియ్యం, అన్నం. పదిహేను మాటలు. బొమ్మలతో, తాతయ్యల వీడియోలతో చెప్పొచ్చు. మా వైపు ఊడుపులు అంటారు, తెలంగాణవారు నాట్లు అంటారు. మేం గట్టు అంటే ఒకరు ఒడ్డు అంటారు, రాయలసీమవారు గెనెం అంటారు. ఏది సరైనదన్న వాదన వద్దు. అన్నీ బోర్డు మీద రాద్దాం, అన్నీ మనవే.

చివరగా పిల్లలకి ఒక మాట. ఇది మీ అమ్మానాన్నలు చదివి వినిపిస్తుంటే, శ్రద్ధగా వినండి. ఈ వారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మీ ఊళ్ళో పొలానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవి? ఆ నీళ్ళు ఎవరు పంచేవారు? రెండు పొలాల మధ్య ఉండే మట్టి అంచుని మీరు ఏమంటారు? వాళ్ళు చెప్పింది తెలుగులో రాసుకోండి, తప్పులొచ్చినా ఫరవాలేదు. ఆ కాగితం వచ్చే వారం బడికి తీసుకురండి. ఎవరి ఊళ్ళో ఏమంటారో చూద్దాం.